ఒక బీకాం సీటు, రెండు సర్టిఫికెట్లు: క్రైస్తవ కాలేజీ గేటు దగ్గర దళిత విద్యార్థి

ఇంటర్ ఫలితాలు రాగానే బల్కంపేట, అమీర్‌పేట, ఎస్సార్ నగర్ హాస్టళ్లలో కొత్త ముఖాలు కనపడతాయి. జిల్లాల నుంచి బ్యాగు సర్దుకుని వచ్చిన పిల్లల్లో కొందరు మైత్రివనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో ట్యాలీ, శాప్, జావా నేర్చుకోవడానికి వస్తారు. మరికొందరు డిగ్రీ కోసం వస్తారు. సీఈసీ, ఎంఈసీ చదివినవాళ్ల నోట ఎక్కువగా వినపడే మాట బీకాం, లేదంటే బీబీఏ. మంచి కాలేజీ ఏదని అడిగితే ఇంట్లోవాళ్లు, చర్చిలో పెద్దలు చెప్పే పేర్లలో క్రైస్తవ కాలేజీలు ముందుంటాయి.

అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే ఒక్క స్టేషన్ అవతల బేగంపేటలో 1959లో మొదలైన సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కాలేజీ ఉంది. అల్వాల్‌లో జెస్యూట్ ఫాదర్లు 1976లో పెట్టిన లయోలా అకాడమీ, మెహదీపట్నంలో సెయింట్ ఆన్స్ మహిళా కాలేజీ, కింగ్ కోఠిలో హైదరాబాద్ అగ్రపీఠం విద్యా సంఘం నడిపే సెయింట్ జోసెఫ్స్, సికింద్రాబాద్‌లో వెస్లీ ఉన్నాయి. వీటన్నిటికీ కామర్స్ చదువులో పేరుంది.

అయితే ఈ గేట్ల దగ్గర దళిత విద్యార్థికి, అందులోనూ క్రైస్తవ కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థికి, ఒక ప్రశ్న ఎదురవుతుంది. నువ్వు ఎస్సీవా, క్రైస్తవుడివా? రెండూ అని చెబితే చట్టం ఒప్పుకోదు. ఈ ప్రశ్న అడ్మిషన్‌తో పోయేది కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ దగ్గర, రేపు బ్యాంకు రుణం దగ్గర, ఎల్లుండి ప్రభుత్వ టెండరు దగ్గర మళ్లీ మళ్లీ వస్తుంది. అందుకే బిజినెస్ చదవబోయే విద్యార్థి మొదటి రోజే దీన్ని అర్థం చేసుకోవాలి.

వ్యాపార చదువు మనకెందుకు?

అంబేద్కర్ అనగానే మనకు న్యాయశాస్త్రం, రాజ్యాంగం గుర్తొస్తాయి. ఆయన 1918 నుంచి 1920 వరకు బొంబాయిలో పాఠాలు చెప్పింది ఒక కామర్స్ కాలేజీలో. సిడెన్‌హామ్ కాలేజీలో ఆయన అర్థశాస్త్ర ప్రొఫెసర్. అధ్యాపకుల గదిలో అందరూ తాగే కుండలో నీళ్లు తాగొద్దని తోటి అధ్యాపకులు అభ్యంతరం పెట్టింది కూడా అక్కడే. అంతకుముందు ఆయన షేర్ల వ్యాపారంపై సలహాలిచ్చే సంస్థ పెట్టారు. సలహాదారు అంటరాని కులస్థుడని తెలిశాక ఖాతాదారులు రావడం మానేశారు. ఆ తర్వాత 1923లో రూపాయి సమస్య మీద ఆయన లండన్‌లో పుస్తకం ప్రచురించారు. డబ్బు ఎలా నడుస్తుందో తెలిసిన మనిషినే మార్కెట్ కులం పేరుతో బయటికి నెట్టింది. జ్ఞానం ఒక్కటే సరిపోదనీ, అది లేకుండా అసలు కుదరదనీ ఈ అనుభవం చెబుతుంది.

మన ఊళ్లలో ఇది అందరికీ తెలిసిన విషయమే. పత్తి అమ్మినప్పుడు తూకం రాసేది ఒకరు, అప్పు పద్దు రాసేది ఒకరు, వేలిముద్ర వేసేది మనవాళ్లు. లెక్కల పుస్తకం ఎవరి చేతిలో ఉంటే ఊరి మీద పెత్తనం వాళ్లదే. ఫైనాన్షియల్ అకౌంటింగ్, కాస్ట్ అకౌంటింగ్, బిజినెస్ లా, ఆదాయపు పన్ను, ఆడిటింగ్ అని బీకాంలో చెప్పే పేపర్లన్నీ ఆ పుస్తకాన్ని చదవడం నేర్పేవే. దుకాణం ఉన్న ఇంటి పిల్లవాడికి జమ, ఖర్చు, నిల్వ అనేవి అన్నం తింటూ విన్న మాటలు. కూలి ఇంటి పిల్లకు అవి తరగతి గదిలోనే పరిచయం కావాలి. అందుకే ఆ తరగతి గది ఎలా ఉంటుందన్నది మనకు ముఖ్యం.

మిషన్ బడి నుంచి నగర కాలేజీ దాకా

తెలుగు నేల మీద దళితులకూ క్రైస్తవ చదువుకూ ఉన్న బంధం పాతది. ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ పనికి దారి వేసినవాళ్లలో ముఖ్యుడు ఎర్రగుంట్ల పేరయ్య. ఆయన మాదిగ, తోళ్ల వ్యాపారి. వ్యాపారం మీద ఊళ్లు తిరిగిన మనిషి కాబట్టే ఆయన మాట ఊరూరా పాకింది. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో అత్యధికులు మాదిగలు. వీధిబడి గడప తొక్కనివ్వని రోజుల్లో మిషన్ బడి మాల మాదిగ పిల్లలకు పలక చేతికిచ్చింది. గుంటూరులో లూథరన్ మిషన్ వాళ్ల ఆంధ్ర క్రైస్తవ కళాశాల 1885 నుంచి ఉంది.

నేటి నగర కాలేజీలు ఆ పల్లె బడులకు నేరుగా వారసులు కావు. ఇంగ్లిష్ మీడియం, అధిక ఫీజు, అటానమస్ హోదా, క్యాంపస్ ప్లేస్‌మెంట్లు వీటి గుర్తులు. పేరు క్రైస్తవమే అయినా తరగతిలో కూర్చున్నవాళ్లలో స్థోమత గల ఇతర మతాల కుటుంబాల పిల్లలు చాలామంది ఉంటారు. అది తప్పు కాదు. కానీ చర్చిలో ఎవరు ఎక్కువ, కాలేజీలో ఎవరు ఎక్కువ అన్న ప్రశ్న వేయక తప్పదు. భారత క్యాథలిక్ బిషప్పుల సమాఖ్య 2016 డిసెంబరులో దళిత సాధికారత విధాన పత్రం విడుదల చేసింది. దేశంలోని 1.9 కోట్ల క్యాథలిక్కుల్లో 1.2 కోట్ల మంది దళితులేనని, చర్చిలో వివక్ష ఉందని అందులో ఒప్పుకుంది. 2022 ఆగస్టులో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోని దేశంలోనే తొలి దళిత కార్డినల్ అయ్యారు. పైన మార్పు కనపడుతోంది. అది బీకాం మొదటి సంవత్సరం హాజరు పట్టీలో కూడా కనపడాలని అడిగే హక్కు మనకుంది.

ఇక్కడ ఎస్సీ రిజర్వేషన్ ఎందుకు వర్తించదు?

చాలామంది విద్యార్థులకు ఇది తెలియక చివరి నిమిషంలో దెబ్బ తింటారు. రాజ్యాంగం 30(1) అధికరణ మత, భాషా మైనారిటీలకు తమ విద్యాసంస్థలు స్థాపించి నడుపుకునే హక్కు ఇచ్చింది. 2005లో ఇనాందార్ కేసులో, ప్రభుత్వ సహాయం తీసుకోని ప్రైవేటు కాలేజీల మీద రాష్ట్రం రిజర్వేషన్ రుద్దలేదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పును దాటడానికి పార్లమెంటు 93వ సవరణ చేసి 15(5) అధికరణ చేర్చింది. దీంతో ప్రైవేటు కాలేజీల్లోనూ ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్‌కు దారి పడింది. అయితే సహాయం పొందినా పొందకపోయినా మైనారిటీ సంస్థలకు అదే అధికరణ మినహాయింపు ఇచ్చింది. 2014లో ప్రమతి కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఆ మినహాయింపును సమర్థించింది.

దీని అర్థం ఏమిటి? తెలంగాణలో ఎస్సీలకు 15 శాతం రిజర్వేషన్ ఉంది. 2025 ఏప్రిల్ 14 నుంచి అది మూడు గ్రూపులుగా 1, 9, 5 శాతాల చొప్పున అమలవుతోంది. మైనారిటీ హోదా ఉన్న క్రైస్తవ కాలేజీని ఆ లెక్క ప్రకారం సీట్లు ఇవ్వమని ఎవరూ బలవంతం చేయలేరు. కాలేజీ తనంతట తాను ఇవ్వొచ్చు. ఇస్తుందా లేదా అన్నది ప్రాస్పెక్టస్‌లో చూడాలి.

రెండో మాట. ప్రభుత్వ సహాయం పొందే ఏ సంస్థలోనైనా కేవలం కులం, మతం కారణంగా ఎవరికీ సీటు నిరాకరించకూడదని 29(2) అధికరణ చెబుతుంది. మైనారిటీ కాలేజీ తన మతం పిల్లలకు కొంత ప్రాధాన్యం ఇవ్వొచ్చు గానీ, సహాయం తీసుకుంటే ఇతరులకూ తగిన చోటు ఇవ్వాలని 2002 నాటి టీఎంఏ పాయ్ తీర్పు సారాంశం.

మూడో మాట. తెలంగాణలో 2016 నుంచి డిగ్రీ సీట్లు దోస్త్ ఆన్‌లైన్ విధానంలో నింపుతున్నారు. కొన్ని పేరున్న కాలేజీలు దోస్త్‌కు బయట సొంతంగా అడ్మిషన్లు జరుపుకుంటాయి. దోస్త్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే అక్కడ గడువు దాటిపోతుంది. ఆ కాలేజీ దోస్త్‌లో ఉందా, బయట ఉందా, అక్కడ చేరితే ఈపాస్‌లో ఫీజు దరఖాస్తు చెల్లుతుందా అన్నది చేరకముందే కనుక్కోవాలి.

రెండు సర్టిఫికెట్ల చిక్కుముడి

ఇక అసలు విషయం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువులు మాత్రమే ఎస్సీలు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. బాప్తిస్మం తీసుకున్న మాల, మాదిగ కుటుంబాలను తెలుగు రాష్ట్రాల్లో బీసీ-సీ గ్రూపులో పెట్టారు. ఆ గ్రూపుకు 1 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1977 ఆగస్టు 30న వచ్చిన 341వ జీవో చట్టబద్ధం కాని ఆర్థిక రాయితీలను దళిత క్రైస్తవులకూ వర్తింపజేసింది. అంటే సహాయ పథకాలు వేరు, రిజర్వేషన్ వేరు, అట్రాసిటీ చట్టం రక్షణ వేరు. మొదటిది కొంతవరకు దొరుకుతుంది, మిగతా రెండూ దొరకవు. మతం మారి పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద రక్షణ కోరలేడని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది.

బల్కంపేట లాంటి చోట బతుకు ఈ గళ్లలో ఇమడదు. ఆషాఢంలో ఎల్లమ్మ కల్యాణానికి బోనం ఎత్తే నాయనమ్మ, ఆదివారం చర్చిలో పాట పాడే కోడలు ఒకే ఇంట్లో ఉంటారు. బస్తీలో ఇద్దరినీ పిలిచే కులం పేరు ఒక్కటే. దరఖాస్తు ఫారం మాత్రం ఒక్క గడిలోనే టిక్కు పెట్టమంటుంది. నలుగురు విద్యార్థుల పరిస్థితి ఊహించుకుందాం.

మొదటి విద్యార్థి హిందూ మాదిగగా నమోదైనవాడు. అతనికి ఎస్సీ స్కాలర్‌షిప్ ఉంటుంది. క్రైస్తవ కోటా ఉండదు. మార్కుల మీద ఓపెన్ సీటుకు పోటీ పడాలి.

రెండో విద్యార్థి దగ్గర బాప్తిస్మం సర్టిఫికెట్, బీసీ-సీ సర్టిఫికెట్ రెండూ ఉన్నాయి. ఆమె క్రైస్తవ కోటాలో సీటు అడగవచ్చు. ఫీజు సహాయానికి బీసీగా గానీ మైనారిటీగా గానీ ఒక దారి ఎంచుకోవాలి. ఎస్సీ రిజర్వేషన్ ఉండదు.

మూడో విద్యార్థి ఇంట్లో అందరూ చర్చికి వెళ్తారు, కాగితం మీద మాత్రం హిందూ ఎస్సీ. మన దగ్గర ఇలాంటి కుటుంబాలు చాలా ఉన్నాయి. సీటు కోసం పాస్టరు గారి ఉత్తరం, ఫీజు కోసం తహసీల్దార్ ఇచ్చిన ఎస్సీ సర్టిఫికెట్ పెడితే రెండు కాగితాలూ ఒకే ఫైల్లో చేరతాయి. పద్దెనిమిదేళ్లకు చేసిన ఈ పని ముప్పై ఏళ్లకు ఉద్యోగం మీదికి రావచ్చు. 2024 నవంబరు 26న సెల్వరాణి కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి విషయమే చూసింది. పుదుచ్చేరికి చెందిన ఆ అభ్యర్థి బాప్తిస్మం తీసుకున్నట్టు, చర్చికి క్రమంగా వెళ్తున్నట్టు ఆధారాలున్నాయని, ఉద్యోగం కోసమే హిందువునంటే చెల్లదని, అది రాజ్యాంగాన్ని మోసగించడమేనని చెప్పింది. తిరిగి హిందూ మతంలోకి వచ్చామంటే దానికీ రుజువు కావాలి, కులం తిరిగి అంగీకరించినట్టు చూపాలి. 2015లో కె.పి. మను కేసు చెప్పింది ఇదే.

నాలుగో విద్యార్థి లంబాడా లేదా కోయ క్రైస్తవుడు. అతనికి ఈ చిక్కు లేదు. ఎస్టీ హోదాకు 1950 ఉత్తర్వుల్లో మతం షరతు పెట్టలేదు. ఒకే తరగతిలో, ఒకే చాపెల్‌లో పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరి హోదా బాప్తిస్మంతో పోతుంది, మరొకరిది పోదు. మతం మారినంత మాత్రాన అంటరానితనం ఊరి నుంచి వెళ్లిపోదని తెలిసి కూడా ఈ తేడాను 75 ఏళ్లుగా కొనసాగిస్తున్నారు.

ఫీజు లెక్క కాగితం మీద, చేతిలో

ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. వైస్రాయి కౌన్సిల్లో అంబేద్కర్ సభ్యుడిగా ఉన్న కాలం అది. 2020 డిసెంబరులో కేంద్రం దీన్ని సవరించి ఖర్చులో 60 శాతం తాను, 40 శాతం రాష్ట్రం భరించేలా మార్చింది. కేంద్ర పథకంలో కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి 2.5 లక్షల రూపాయలు. తెలంగాణలో దరఖాస్తు ఈపాస్ పోర్టల్లో చేయాలి. ట్యూషన్ ఫీజు రీయింబర్స్‌మెంట్, మెయింటెనెన్స్ ఫీజు రెండూ వేరు. హాజరు 75 శాతం తగ్గితే రెండూ ఆగుతాయి.

ప్రభుత్వం చెల్లించేది తాను ఆమోదించిన ఫీజు వరకే. కాలేజీ అసలు ఫీజు అంతకన్నా ఎక్కువైతే తేడా విద్యార్థి మీదే పడుతుంది. అటానమస్ కాలేజీల్లో బీకాం ఆనర్స్, బీబీఏ లాంటి సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సుల దగ్గర ఈ తేడా పెద్దది. ప్రత్యేక ఫీజు, పరీక్ష ఫీజు, ల్యాబ్ ఫీజు విడిగా అడిగి, మూడేళ్ల మొత్తం కాగితం మీద రాయించుకోవాలి.

బకాయిలు మరో బాధ. ఫీజు బకాయిలు విడుదల చేయాలంటూ 2025 నవంబరులో రాష్ట్రంలోని ప్రైవేటు కాలేజీలు బంద్ పాటించాయి. ప్రభుత్వానికీ యాజమాన్యానికీ నడుమ గొడవ చివరికి విద్యార్థి మెడకు చుట్టుకుంటుంది. ముందు మీరు కట్టండి, ప్రభుత్వం ఇచ్చాక తిరిగిస్తాం అంటారు. కోర్సు అయ్యాక మెమోలు, టీసీ ఆపుతారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఈ సంగతి ప్రతి విద్యార్థి సంఘం కార్యకర్తకూ కంఠతా రావాలి.

ఉండటానికి చోటు ఇంకో ఖర్చు. ఎస్సీ కాలేజీ హాస్టల్లో సీటు దొరికితే బతికిపోయినట్టే. అక్కడ మెస్ చార్జీని 2024లో నెలకు 1,500 నుంచి 2,100 రూపాయలకు పెంచారు. దొరకనివాళ్లు బల్కంపేట, ఎస్సార్ నగర్ ప్రైవేటు హాస్టళ్లలో ఒక గదిలో నలుగురైదుగురు సర్దుకుని, సాయంత్రం దుకాణంలోనో డెలివరీ బండి మీదో పనిచేసి అద్దె కడుతున్నారు. 75 శాతం హాజరు షరతు వీళ్లకే ఎక్కువ బరువు.

తరగతి గదిలో

తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలకు మొదటి సెమిస్టర్ కష్టం. అకౌంట్స్ అర్థం కాక కాదు, ఇంగ్లిష్‌లో అడిగే ప్రశ్న అర్థం కాక వెనకపడతారు. డెబిట్, క్రెడిట్ తెలుగులో ఒకసారి అర్థమైతే ఇంగ్లిష్‌లో రాయడం రెండు నెలల పని. సీనియర్లు ఆదివారం రెండు గంటలు కూర్చోబెట్టి చెబితే ఈ గోడ కూలుతుంది. సంఘాలు చేయగలిగిన పని ఇది.

క్రైస్తవ కాలేజీ కాబట్టి ప్రార్థన, నైతిక విద్య ఉండవచ్చు. ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం ఉన్న సంస్థలో మత బోధనకు, ఆరాధనకు హాజరు కావాలని ఎవరినీ బలవంతం చేయరాదని, మైనర్ అయితే సంరక్షకుల అనుమతి ఉండాలని 28(3) అధికరణ అంటుంది. అన్ని మతాల విద్యార్థులకూ ఈ రక్షణ ఉంది.

కులం పేరుతో వేధింపు ఎదురైతే 2012 నాటి యూజీసీ సమానత్వ నిబంధనల ప్రకారం ప్రతి ఉన్నత విద్యాసంస్థలో సమాన అవకాశాల విభాగం, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలి. ఆ అధికారి పేరు నోటీసు బోర్డు మీద ఉందా? చూడండి. లేకపోతే రాతపూర్వకంగా అడగండి. క్రైస్తవ దళిత విద్యార్థికి అట్రాసిటీ చట్టం దారి మూసుకుపోయిన చోట ఈ నిబంధనలే ముందు పట్టుకోవాల్సిన ఆధారం.

బీబీఏలో చేరేవాళ్లు ఒకటి గమనించాలి. 2024-25 నుంచి బీబీఏ, బీసీఏ కోర్సులు ఏఐసీటీఈ పరిధిలోకి వచ్చాయి. కాలేజీకి ఆ ఆమోదం ఉందో లేదో చూసుకోవాలి. బీకాంకు ఆ షరతు లేదు.

డిగ్రీ చేతికొచ్చాక

కామర్స్ డిగ్రీలో 55 శాతం మార్కులుంటే సీఏ ఫౌండేషన్ రాయకుండా నేరుగా ఇంటర్మీడియట్ స్థాయిలో చేరవచ్చు. ఈ ఒక్క సంగతి తెలియక ఎంతోమంది చిన్న అకౌంటెంట్ ఉద్యోగంతో ఆగిపోతున్నారు.

సొంత వ్యాపారం పెట్టాలనుకునేవాళ్ల దారి వేరు. 2016లో మొదలైన స్టాండప్ ఇండియా పథకం ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు బ్యాంకు రుణం కోసం వచ్చింది. 2012 నాటి ప్రభుత్వ కొనుగోళ్ల విధానం ప్రకారం కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి కొనాలి. 2014లో తెలంగాణ టీ-ప్రైడ్ తెచ్చింది. ఎస్సీలకు ఉద్దేశించిన ఈ తలుపుల ముందు అడిగేది ఎస్సీ సర్టిఫికెట్‌నే. బీసీ-సీ సర్టిఫికెట్‌తో వెళ్లిన దళిత క్రైస్తవ గ్రాడ్యుయేట్‌ను బ్యాంకు మేనేజర్ ఎస్సీగా చూడడు, గది అద్దెకిచ్చే ఇంటి ఓనరు మాత్రం ఎస్సీగానే చూస్తాడు. మొదటి రోజు గేటు దగ్గర ఎదురైన ప్రశ్న మూడేళ్ల తర్వాత ఇక్కడ మళ్లీ నిలబడుతుంది.

మనం ఏం అడగాలి?

కాలేజీలను అడగాల్సినవి మూడు. ఒకటి, ప్రతి ఏటా కామర్స్ కోర్సుల్లో చేరిన దళిత, దళిత క్రైస్తవ విద్యార్థుల సంఖ్య బయటపెట్టాలి. రెండు, చట్టం బలవంతం చేయకపోయినా పేద దళిత విద్యార్థులకు, వాళ్ల మతం ఏదైనా, కొన్ని సీట్లు, ఫీజు రాయితీ కేటాయించాలి. 30వ అధికరణ కాలేజీకి స్వేచ్ఛ ఇచ్చింది, న్యాయం చేయొద్దని చెప్పలేదు. మూడు, ఫీజు బకాయి పేరుతో సర్టిఫికెట్లు ఆపకూడదు.

ప్రభుత్వాన్ని అడగాల్సింది పాత డిమాండే. ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టడం ఆపాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫార్సు చేసింది. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో తీర్మానం చేసింది. ఇదే విషయం పరిశీలించమని కేంద్రం 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో మరో కమిషన్ వేసింది. కమిషన్లు మారుతున్నాయి, 1950 నాటి మూడో పేరా మారలేదు.

చట్టం మారేదాకా విద్యార్థులకు ఒక్క సూచన. సీటు కోసం తొందరలో ఏ కాగితమూ పెట్టొద్దు. మీ కులం సర్టిఫికెట్‌లో ఏముందో, టీసీలో మతం గడిలో ఏం రాశారో, చర్చి రిజిస్టర్‌లో మీ పేరుందో ముందు చూసుకోండి. అన్నీ ఒకే మాట చెబుతున్నాయా? లేకపోతే తెలిసిన లాయర్‌తోనో సంఘం పెద్దలతోనో మాట్లాడి, ఏ దారిలో వెళ్లాలో ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోండి. బీకాం మొదటి పాఠంలో ప్రతి పద్దుకూ రెండు వైపులుంటాయని చెబుతారు. మీరు కాలేజీకిచ్చే ప్రతి సర్టిఫికెట్‌కూ అంతే. ఇవాళ ఒక వైపు ఏం వస్తుందో, రేపు రెండో వైపు ఏం పోతుందో లెక్క వేసుకున్నాకే సంతకం పెట్టండి.